హెచ్‌పీవీ 16లో ఒక అక్షరం మారితే: గర్భాశయ ముఖద్వార గ్రంథి కణాల కేసు ఒకటి

ఈ కేసును రోగి అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, తేదీలు కొద్దిగా మార్చాను. వైద్యానికి సంబంధించిన వరుసను మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఏ నివేదిక ఏ నిర్ణయానికి ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అన్నదే ఈ కేసులో అసలు విషయం.

రోగి, తొలి సందర్శన

గోదావరి జిల్లాలకు చెందిన 39 ఏళ్ల స్త్రీ. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. బీపీ, షుగర్ లేవు, హెచ్‌ఐవీ పరీక్ష నెగెటివ్, పొగాకు అలవాటు లేదు. నెలసరి సక్రమంగానే వస్తోంది. కలయిక తరువాత రక్తం కనిపించడం వంటి లక్షణాలు ఎప్పుడూ లేవని, తెల్లబట్ట మాత్రం చాలా ఏళ్లుగా అప్పుడప్పుడు ఉంటోందని చెప్పారు. ఆ తెల్లబట్ట కోసమే గతంలో ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లగా, పిల్లలు పుట్టడం అయిపోయింది కాబట్టి గర్భసంచి తీయించేసుకుంటే సరిపోతుందని ఆయన సలహా ఇచ్చారట. మన ప్రాంతంలో ఇది అరుదైన సలహా కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తొలగించి ఉంది; దేశ సగటు 3 శాతానికి కాస్త ఎక్కువ. ఆమె ఆ సలహా పాటించకపోవడం ఎంత మేలు చేసిందో తరువాత తెలుస్తుంది.

మా దగ్గరికి ఆమె రావడానికి కారణం స్క్రీనింగ్ శిబిరం. అక్కడ తానే తీసుకుని ఇచ్చిన నమూనాలో హెచ్‌పీవీ (ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిల్లోమా వైరస్) డీఎన్‌ఏ పరీక్ష పాజిటివ్‌గా, ప్రమాదకర రకాలలో ఒకటైన రకం 16గా వచ్చింది. అదే శిబిరంలో ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే వయా పరీక్ష నెగెటివ్. మేము చేసిన పాప్ పరీక్ష (ముఖద్వార కణాలను సూక్ష్మదర్శినితో చూసేది) కూడా మామూలుగానే ఉంది. అయినా రకం 16 లేదా 18 ఉన్నప్పుడు పాప్ పరీక్ష మామూలుగా ఉన్నా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించడం) చేయాలన్నది ప్రస్తుత పద్ధతి, కాబట్టి చేశాము. ముఖద్వారం బయటి భాగంలో తెల్లబారిన మచ్చ ఏదీ లేదు. కానీ పొలుసు కణాలు, గ్రంథి కణాలు కలిసే గీత బయటికి కనబడలేదు; మొత్తంగా ముఖద్వార కాలువ లోపల ఉంది. దీన్నే మూడో తరహా పరివర్తన మండలం అంటాము. కాలువ లోపలి పొరను క్యూరెట్‌తో గీకి ఈసీసీ నమూనా పంపితే, పరిశీలనకు చాలినంత కణజాలం లేదని పాథాలజీ నుంచి జవాబు వచ్చింది.

ఇక్కడ నా వైపు జరిగిన లోపాన్ని దాచుకోను. వయా నెగెటివ్, పాప్ మామూలు, కాల్పోస్కోపీలో మచ్చ లేదు అన్న మూడు మాటలు పక్కపక్కన చేరేసరికి, చాలినంత కణజాలం లేదన్న నాలుగో మాటను నేను నెగెటివ్ కింద జమకట్టాను. ఆ ఈసీసీని కొద్ది వారాల్లోనే మళ్లీ చేసి ఉండవలసింది. ఏడాది తరువాత రమ్మని రాసి పంపాను. పైన చెప్పిన మూడు పరీక్షలూ చూడగలిగింది ప్రధానంగా బయటి భాగాన్నే. రకం 16 ఉన్న స్త్రీలో లోపలి భాగం గురించి మాకు ఏమీ తెలియదన్నదే ఆ నాటి వాస్తవం.

రెండో సందర్శన

ఆమె పద్నాలుగు నెలలకు వచ్చారు. మధ్యలో నాట్లు, కూతురి పరీక్షలు. ఈసారి నమూనాలోనూ హెచ్‌పీవీ 16 ఉంది. ద్రవ మాధ్యమంలో చేసిన కణ పరీక్షలో అసహజ గ్రంథి కణాలు ఉన్నాయని, క్యాన్సర్ వైపు మొగ్గే అవకాశముందని రాశారు. అసహజ గ్రంథి కణాలు కనబడి వయసు 35 దాటినప్పుడు గర్భాశయం లోపలి పొర నమూనా కూడా తీసుకోవాలి కాబట్టి తీసుకున్నాము. అందులో ఏ దోషమూ లేదు. ఈసీసీ ఈసారి శ్రద్ధగా, నాలుగు వైపులా గీకి పంపాము. అందులో అడినోకార్సినోమా ఇన్ సైటూ, అంటే క్యాన్సర్ కణాల పోలికలన్నీ ఉన్నా ఇంకా గ్రంథి పొరను దాటి కింది కణజాలంలోకి చొరబడని దశ, ఉన్నట్టు తేలింది. ఇకపై దీన్ని ఏఐఎస్ అంటాను.

ఏఐఎస్ విషయంలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, ఇది కాలువ లోపల గ్రంథుల మడతల్లో దాగి ఉండడం వల్ల వయాకూ కాల్పోస్కోపీకీ సులభంగా దొరకదు. రెండోది, ఒకచోట ఉండి, కొంత మేర ఆరోగ్యకరమైన పొరను వదిలి, మరోచోట మళ్లీ కనబడవచ్చు. అందుచేత కోసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నా లోపల ఇంకేమీ మిగలలేదని పూర్తి భరోసా ఇవ్వలేము. ఈసీసీలో ఏఐఎస్ వచ్చిందంటే అంతకు మించినది లేదని అర్థం కాదు కూడా. పక్కనే చొరబాటు క్యాన్సర్ ఉండి క్యూరెట్‌కు అందకపోయి ఉండవచ్చు. అందువల్ల గర్భసంచి తొలగింపుకు ముందు కోన్ బయాప్సీ, అంటే ముఖద్వారం నుంచి శంకువు ఆకారపు ముక్కను కోసి పరీక్షించడం, తప్పనిసరి. ముందే సాధారణ పద్ధతిలో గర్భసంచి తీసేసి, ఆ తరువాత అందులో చొరబాటు క్యాన్సర్ కనబడితే, ఆ శస్త్రచికిత్స చాలకుండా పోతుంది. దాన్ని సరిదిద్దడానికి రెండో పెద్ద ఆపరేషనో రేడియేషనో అవసరమవుతుంది. ఆర్‌ఎంపీ సలహా పాటించి ఉంటే ఏమయ్యేదన్నది ఊహే గాని, తెల్లబట్ట కోసం హెచ్‌పీవీ పరీక్ష ఏదీ లేకుండా తీసిన గర్భసంచులలో పాథాలజీకి ఎన్ని వెళుతున్నాయో ఆలోచిస్తే నాకు దిగులుగానే ఉంటుంది.

కోన్‌ను కరెంటు తీగతో కాకుండా కత్తితో చేశాము, ఎందుకంటే కాలిన అంచు మీద ఏఐఎస్ ఉందో లేదో చెప్పడం పాథాలజిస్టుకు కష్టమవుతుంది. ముక్క ఒక్కటిగా, 20 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చింది. పన్నెండు గంటల స్థానంలో కుట్టు వేసి దిశ తెలిసేలా పంపాము. నివేదికలో హెచ్‌పీవీ సంబంధిత ఏఐఎస్ అని, పీ16 అనే ప్రొటీన్‌ను చూపే రంగు గ్రంథుల నిండా గాఢంగా పట్టిందని, చొరబాటు లేదని, బయటి అంచు శుభ్రమని, కాలువ వైపు అంచులో మాత్రం ఏఐఎస్ తాకి ఉందని వచ్చింది. అంచు తాకి ఉన్నప్పుడు, ఎటూ గర్భసంచి తీసివేయాలనుకున్నా సరే, ముందుగా రెండో కోన్ చేసి పై భాగంలో చొరబాటు లేదని తేల్చుకోవాలి. ఆ సంగతి వివరించి రెండో కోన్‌కు తేదీ ఇచ్చాము.

350జి

సరిగ్గా ఈ సమయంలో వేరియంట్ మాట ముందుకు వచ్చింది. మొదటి కోన్‌కు ముందు ఆమె నమూనాలో మిగిలిన భాగాన్ని, వైరస్ జన్యుక్రమం చదివే పరిశోధన కోసం ఆమె సమ్మతితో ఇచ్చాము. ఆ ప్రయోగశాల మొదట వైరస్‌లోని ఈ6 (E6) అనే జన్యువులో ఒక చిన్న ముక్కను మాత్రమే చదివి, 350వ స్థానంలో 'టి' అనే డీఎన్‌ఏ అక్షరం బదులు 'జి' ఉందని తాత్కాలిక నివేదిక పంపింది. పరిశోధన ఫైలులో ఉండవలసిన ఆ కాగితం రోగి ఫైలులోకి చేరింది. ఆమె అక్క కొడుకు బీఫార్మసీ చదువుతున్నాడు. అతడు ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని, ఇంట్లో కూర్చుని దొరికినంత చదివి, మరుసటి వారం పిన్నితో పాటు వచ్చాడు.

"డాక్టర్ గారూ, మా పిన్నికి వచ్చింది ప్రమాదకరమైన వేరియంట్ అట కదండీ. మళ్లీ చిన్న ఆపరేషన్ ఎందుకండీ? ఒకేసారి పెద్దది చేసేయండి" అని అడిగాడు.

ప్రశ్న తెలివైనదే. జవాబు చెప్పడానికి నాకు ముప్పావు గంట పట్టింది, అందులో సగం రకానికీ వేరియంట్‌కూ తేడా చెప్పడానికే సరిపోయింది. హెచ్‌పీవీ 16 జన్యుపదార్థం గుండ్రటి డీఎన్‌ఏ, దాదాపు 7,906 అక్షరాల పొడవు. వైరస్ పై తొడుగును తయారుచేసే ఎల్1 జన్యువులో 10 శాతం లేదా అంతకు మించి తేడా ఉంటే దాన్ని వేరే రకం అంటారు. 16, 18, 31, 45 అన్నవి అలా వచ్చిన అంకెలు. ఒకే రకం లోపల మొత్తం జన్యుక్రమంలో 1 శాతం నుంచి 10 శాతం లోపు తేడా ఉంటే వేరే శాఖ, అర శాతం నుంచి 1 శాతం లోపు అయితే ఉపశాఖ. హెచ్‌పీవీ 16కు ఏ, బీ, సీ, డీ అని నాలుగు శాఖలు. ఏ శాఖలో మొదటి మూడు ఉపశాఖలను యూరోపియన్ అనీ, ఏ4ను ఆసియన్ అనీ, బీ, సీలను ఆఫ్రికన్ అనీ, డీని ఆసియన్-అమెరికన్ అనీ పాత పేర్లతో పిలిచేవారు. మనుషుల వలసలతో పాటే వైరస్ కూడా ప్రయాణించిందనడానికి ఆ పేర్లు గుర్తు. మన దేశంలో చదివిన నమూనాలలో ఎక్కువ భాగం 'ఏ' శాఖవే, డీ శాఖ తక్కువ పాళ్లలో కనబడుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 7,906లో 1 శాతం అంటే 79 అక్షరాలు. మా చేతిలో ఉన్న కాగితం చెప్పేది ఒక్క అక్షరం గురించి. 350వ స్థానంలో 'జి' వస్తే ఈ6 ప్రొటీన్‌లో 83వ స్థానంలో లూసీన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. ఇది 'ఏ' శాఖలోనూ ఉంటుంది, డీ శాఖలోనూ ఉంటుంది, భారతీయ నమూనాలలో తరచుగా కనబడుతుంది. అంటే ఈ అక్షరం ఒక్కటే చూసి శాఖ చెప్పలేము. ప్రమాదం సంగతికి వస్తే, స్వీడన్ స్త్రీలలో ఈ మార్పుకు చొరబాటు క్యాన్సర్‌తో సంబంధం కనబడింది. ఇటలీ, చెక్ దేశాల స్త్రీలలో అదే పద్ధతిలో కనబడలేదు. రోగనిరోధక వ్యవస్థకు వైరస్ ముక్కలను చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఒక్కో జనాభాలో ఒక్కో విధంగా ఉండడం దీనికి ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. అక్క కొడుకు చదివింది మొదటి సగం మాత్రమే.

మారిన అక్షరం అంటేనే ప్రమాదం అన్న భావన కూడా పొరపాటే. 5,570 హెచ్‌పీవీ 16 నమూనాల పూర్తి జన్యుక్రమాలను చదివి 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన విషయం సరిగ్గా దీనికి ఎదురు. వైరస్‌లోని ఈ7 (E7) ప్రొటీన్‌లో ఉన్నవి 98 అమైనో ఆమ్లాలే; క్యాన్సర్ ఉన్న స్త్రీలలోని వైరస్‌లో ఆ చిన్న ప్రొటీన్ దాదాపు ఏ మార్పూ లేకుండా ఉంది, మార్పులు ఎక్కువగా కనబడినవి క్యాన్సర్ రాని స్త్రీలలోని వైరస్‌లో. మన కణాల విభజనను అదుపులో ఉంచే ప్రొటీన్లలో ఈ6 పీ53ను, ఈ7 ఆర్‌బీని దెబ్బతీయడం వల్లనే కణం అదుపు తప్పుతుంది. ఆర్‌బీ పోయినప్పుడే పీ16 పేరుకుని, మన స్లైడు మీద ఆ గాఢమైన రంగు పడుతుంది. ఆ పనిముట్టు చెక్కుచెదరకుండా ఉంటేనే క్యాన్సర్ దాకా వెళ్లగలదన్నమాట. ప్రతి మార్పూ వైరస్‌కు బలం కాదు.

ఇంత చెప్పాక అతడు మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాడు: అయితే ఆపరేషన్ మారదా? మారదన్నాను. రెండో కోన్ ఉద్దేశం పై భాగంలో చొరబాటు ఉందో లేదో తెలుసుకోవడం. చొరబాటు ఉంటే చేయవలసిన శస్త్రచికిత్స వేరు, లేకపోతే వేరు. వైరస్ ఏ శాఖదైనా ఆ సంగతిని చెప్పగలిగింది కణజాలం మాత్రమే. పరీక్ష వద్దని నేరుగా పెద్ద ఆపరేషన్‌కు వెళ్లడం ఆర్‌ఎంపీ సలహాకు కొత్త కారణం తగిలించడమే అవుతుంది. ఈ చివరి మాట గట్టిగానే అన్నానేమో, అతడు నొచ్చుకున్నట్టు కనిపించాడు. పిన్ని మాత్రం "మీరు ముందు చెప్పినట్టే కానివ్వండి డాక్టరమ్మా" అన్నారు.

రెండో కోన్‌లో 2 మిల్లీమీటర్ల మేర ఏఐఎస్ మిగిలి ఉంది. అంచులన్నీ శుభ్రం, చొరబాటు లేదు. ఆరు వారాల తరువాత సాధారణ పద్ధతిలో గర్భసంచిని, ఫెలోపియన్ గొట్టాలను తొలగించి అండాశయాలను ఉంచాము. తీసిన గర్భసంచిలో మిగిలిన ఏఐఎస్ కనబడలేదు.

పూర్తి ఈ6 నివేదిక

ఆపరేషన్ అయిన నాలుగు వారాలకు ఈ6 జన్యువు మొత్తం చదివిన నివేదిక వచ్చింది. 145వ స్థానంలో 'టి', 335వ స్థానంలో 'టి', 350వ స్థానంలో 'జి'. వీటితో పాటు ప్రొటీన్‌ను మార్చని మరికొన్ని తేడాలు. 145, 335 స్థానాల మార్పులు బీ, సీ శాఖలలోనూ ఉంటాయి గాని అక్కడ 350లో మామూలుగా 'టి' ఉంటుంది. ఈ మూడూ ఒకేచోట కనబడడం డీ శాఖ లక్షణం. ఉపశాఖ డీ2నా, డీ3నా, మరొకటా అన్నది చెప్పడానికి ఈ6 ఒక్కటే చాలదు, పూర్తి జన్యుక్రమం కావాలి.

ఈ నివేదిక చూసినప్పుడు, నేను గట్టిగా మాట్లాడిన ఆ కుర్రవాడు గుర్తుకు వచ్చాడని ఒప్పుకోవాలి. అతడు చెప్పిన కారణం తప్పు, ముగింపు మాత్రం పాక్షికంగా నిజమైంది. డీ శాఖకు ముఖద్వార క్యాన్సర్‌తో, అందులోనూ గ్రంథి కణాల క్యాన్సర్‌తో, ఉన్న సంబంధం 350జికి ఉన్న సంబంధం కంటే చాలా దృఢమైనది. మెక్సికో స్త్రీలలో ఆసియన్-అమెరికన్ వేరియంట్లకూ క్యాన్సర్‌కూ బలమైన సంబంధం ఉందని 2001లోనే ప్రచురితమైంది. ఉత్తర కాలిఫోర్నియాలో 3,215 మంది హెచ్‌పీవీ 16 ఉన్న స్త్రీల నమూనాలతో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఏ4, డీ2, డీ3 ఉపశాఖలకు ప్రమాదం ఎక్కువగా కనబడింది. గ్రంథి కణాల జబ్బు విషయంలో డీ2, డీ3లది ప్రత్యేకంగా పెద్ద తేడా. ప్రయోగశాలలో కూడా ఈ మూడు మార్పులున్న ఈ6, మామూలు ఈ6 కంటే చర్మ కణాలను ఎక్కువ చురుగ్గా మార్చగలిగింది.

అయినా ఈ ఒక్క రోగి విషయంలో డీ శాఖే కారణమని నేను రాయలేను. ఏఐఎస్ కేసులలో 'ఏ' శాఖ వైరస్ ఉన్నవీ బోలెడు. వైరస్ శాఖకూ దాన్ని మోసే మనిషి వంశానికీ ఉన్న పొత్తు కూడా లెక్కలోకి రావాలి: అమెరికాలో యూరోపియన్ వేరియంట్లు తెల్లజాతి స్త్రీలలోనూ, ఆఫ్రికన్ వేరియంట్లు ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలలోనూ ఎక్కువ కాలం నిలిచినట్టు ఒక అధ్యయనం చూపింది. కాలిఫోర్నియాలో లెక్కగట్టిన ప్రమాద నిష్పత్తిని తెచ్చి గోదావరి జిల్లా స్త్రీ ఫైలులో అంకెగా రాయడం సరికాదు. మన దగ్గర హెచ్‌పీవీ 16 ఉండీ జబ్బు లేని స్త్రీలలో డీ శాఖ ఎంత శాతమో, గ్రంథి కణాల జబ్బు ఉన్నవారిలో ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ అంకెకు అర్థం ఉండదు.

నా ఆచరణలో మారినది ఒకటే. రకం 16 లేదా 18 ఉండి, పరివర్తన మండలం కాలువ లోపల ఉండి, ఈసీసీ చాలకపోతే, నెల రెండు నెలల్లోనే తిరిగి పిలుస్తున్నాను. వేరియంట్ పరీక్ష రాయడం మొదలుపెట్టలేదు. ఈ రోగికి తొలి సందర్శన నాడే డీ శాఖ అని తెలిసి ఉంటే ఈసీసీని ముందుగా తిరిగి చేసి ఉండేవారా అని ఒక తోటి వైద్యుడు నన్ను అడిగారు. చేసేదాన్నేమో. కానీ అలా చేయడానికి రకం 16 అన్న మాట ఒక్కటే చాలి ఉండవలసింది, అది నా చేతిలోనే ఉంది.

ఇంటివారి ప్రశ్నలు, తరువాతి పరీక్షలు

భర్త ఒంటరిగా వచ్చి, ఇది ఎవరి వల్ల, ఎప్పుడు వచ్చిందో ఈ జన్యు నివేదికలో తెలుస్తుందా అని అడిగారు. తెలియదు. శాఖ పేరులో అమెరికన్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది ఎక్కడి నుంచో కొత్తగా వచ్చిందని కాదు. ఈ వైరస్ ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండగలదు కాబట్టి సోకిన కాలాన్ని వెనక్కి లెక్కించలేము. ఆసియన్-అమెరికన్ అన్న పేరును ఇకపై రోగులకిచ్చే కాగితాల మీద రాయవద్దని, డీ శాఖ అని మాత్రమే రాయమని ప్రయోగశాలను కోరాను.

పదహారేళ్ల కూతురికి వ్యాక్సిన్ వేయించాలా, తల్లికి వచ్చిన వేరియంట్ మీద అది పనిచేస్తుందా అన్నది తల్లి ప్రశ్న. వ్యాక్సిన్‌లో ఉండేది ఎల్1 తొడుగు మాత్రమే. అది ఈ6లో వచ్చే మార్పులతో సంబంధం లేనిది, శాఖల మధ్య పెద్దగా మారనిది. ఒక శాఖ మీద పుట్టిన ప్రతిరక్షకాలు మిగతా శాఖలనూ అడ్డుకుంటాయి. అత్తగారికి మాత్రం అభ్యంతరం ఉంది: 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడాది ఆపేయడం గురించి ఆమె విని ఉన్నారు. ఆ ప్రాజెక్టులో సమ్మతి తీసుకున్న తీరు మీద పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగానే తప్పుపట్టింది, ఆ విమర్శను నేను కొట్టిపారేయలేదు. సమ్మతి తీసుకోవడంలో జరిగిన తప్పుకూ టీకా పనితీరుకూ తేడా వివరించాను. పదిహేనేళ్లు దాటినందున ఆరు నెలల్లో మూడు మోతాదులుగా, మన దేశంలో తయారైన, నాలుగు హెచ్‌పీవీ రకాల మీద పనిచేసే టీకా ఇస్తున్నాము. రెండు మోతాదులు అయ్యాయి.

ఏఐఎస్ కారణంగా గర్భసంచి తీసిన స్త్రీకి పరీక్షలు ఆగిపోవు. యోని పైభాగం నుంచి ఏడాదికొకసారి మూడేళ్లు, ఆ తరువాత మూడేళ్లకొకసారి హెచ్‌పీవీ పరీక్ష చేయాలి, కనీసం పాతికేళ్లు. మొదటి ఏడాది పరీక్షలో హెచ్‌పీవీ 16 కనబడలేదు, మరే ప్రమాదకర రకమూ లేదు. తరువాతి పరీక్ష తేదీని ఆమె ఫోనులో అక్క కొడుకే నమోదు చేసిపెట్టాడు.